మా ఆజంజాహీ మిల్లు

వరంగల్ వార్తలు చదివేవాళ్లకి "మిల్స్ కాలనీ పోలీసులు" అనే మాట బాగా అలవాటే. వారానికి ఒకట్రెండు సార్లయినా పేపర్లో కనిపిస్తుంది. ఆ ఠాణా పేరులో ఉన్న మిల్లు ఏదని ఇప్పటి పిల్లల్ని అడిగితే చాలామందికి తెలీదు. వాళ్లనేం అనలేం, వేలు పెట్టి చూపిద్దామంటే అక్కడ మిల్లు ఉంటే కదా. మా తాతా, మా బాపూ ఇద్దరూ ఆ మిల్లులోనే పనిచేశారు. ఆజంజాహీ మిల్లు అని పూర్తి పేరుతో మా ఇంట్లో ఎవరూ పిలిచిన గుర్తు లేదు నాకు. ఉత్త "మిల్లు", అంతే. "మిల్లుకు పోయిండు", "మిల్లు నుంచి ఇంకా రాలే", "మిల్లోళ్ల పిల్ల" — ఇవే మాటలు.

1934లో కట్టారు దాన్ని. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, ఆయన పెద్దకొడుకు ఆజం జా పేరు పెట్టారు. హైదరాబాద్ సంస్థానంలో పేరున్న బట్టల మిల్లులు చూస్తే ఒక సంగతి భలే తమాషాగా ఉంటుంది: గుల్బర్గాలో ఉన్నది మహబూబ్ షాహీ, నాందేడ్‌లో ఉన్నది ఉస్మాన్ షాహీ, మన వరంగల్‌ది ఆజంజాహీ. తండ్రి, కొడుకు, మనవడు, మూడు తరాల పేర్లూ మూడు ఊళ్లలో బట్ట నేశాయన్నమాట. 1956లో రాష్ట్రాలు విడిపోయాక ఆ మూడు ఊళ్లూ మూడు వేర్వేరు రాష్ట్రాల్లోకి పోయాయి గానీ మిల్లుల గతి మాత్రం చివరికి ఒకటే అయింది, అది తర్వాత చెప్తాను.

వరంగల్‌లోనే ఎందుకు పెట్టారంటే దానికి కారణాలున్నాయి. చుట్టూ పత్తి పండే నల్లరేగడి. సింగరేణి బొగ్గు దగ్గర. బెజవాడ వైపు రైలు 1889కే వచ్చేసింది, కాజీపేట నుంచి బల్హార్షా లైను 1929లో పూర్తయ్యేసరికి అటు ఢిల్లీకీ ఇటు మద్రాసుకీ దారి దొరికింది. సంస్థానంలో పరిశ్రమలకి పెట్టుబడి పెట్టడానికి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అని పెట్టింది కూడా 1929లోనే. వీటన్నింటికంటే పెద్ద కారణం ఇంకోటి ఉందని నేననుకుంటాను: నేయడం తెలిసిన చేతులు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లలో గుంట మగ్గాల మీద చీరలు, పంచెలు నేసేవాళ్లు అప్పటికే తరతరాలుగా ఉన్నారు ఇక్కడ.

మా తాత అట్లా వచ్చినవాడే. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. అన్నదమ్ములిద్దరిలో పెద్దాయన మగ్గం మీదే ఉండిపోయాడు, తాత మాత్రం మిల్లులో పేరు రాయించుకున్నాడు. మొదట బదిలీ కార్మికుడిగా, అంటే ఎవరైనా రాకపోతే ఆ రోజు వాళ్ల చోట పని, లేకపోతే గేటు దగ్గర నిలబడి తిరిగి రావడం. తర్వాత పర్మినెంటు. ఈ విషయం మీద అన్నదమ్ములకి జీవితాంతం పడలేదు. మిల్లు బట్ట వచ్చే మా నోట్లో మట్టి కొట్టిందని పెద్ద తాత అనేవాడు. నెలకి ఇంత అని జీతం చేతిలో పడితే గానీ పిల్లలు బడికి పోరని మా తాత అనేవాడు. పండగకి కూర్చుని తింటున్నా సరే ఈ గొడవ వచ్చేది. ఇప్పుడు తల్చుకుంటే ఇద్దరూ నిజమే చెప్పారనిపిస్తుంది. చేనేతని దెబ్బతీసింది మిల్లే, చేనేత దెబ్బతిన్న ఇళ్లకి అన్నం పెట్టిందీ మిల్లే. మా బాపు పదో తరగతి దాకా చదివాడంటే, నేను ఇంకాస్త ఎక్కువ చదివానంటే ఆ జీతం వల్లే.

బాపు వీవింగ్‌లో చేసేవాడు. మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదట, అందుకని వాళ్లందరికీ సైగలు, పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. బాపు వంటింట్లో అమ్మతో మాట్లాడితే మూడిళ్ల అవతలికి వినపడేది, కొత్తగా వచ్చిన చుట్టాలు కొట్లాడుకుంటున్నారేమో అని కంగారు పడేవాళ్లు. ఆయన స్నేహితులు నలుగురు వచ్చి అరుగు మీద కూర్చుంటే మాత్రం ఉల్టా, ఒక్క మాట లేకుండా చేతులతో, కళ్లతో, పెదాలతో అరగంట ముచ్చట నడిచేది, మధ్యలో పడీపడీ నవ్వేవాళ్లు, మాకేం అర్థమయ్యేది కాదు.

లోపల వేడి, చెమ్మ. దారం పొడిగా ఉంటే పుటుక్కున తెగిపోతుంది, అందుకని గాలిలో తేమ ఉండేట్టు నీళ్లు చల్లుతూ ఉండేవాళ్లు. వరంగల్ మే నెల ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ వేడికి ఈ చెమ్మ తోడైతే ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు. సైజింగ్ దగ్గర పడుగు దారానికి గంజి పట్టించేవాళ్లు, ఆ ఉడికిన గంజి వాసన బాపు బట్టలకి ఎప్పుడూ అంటుకుని ఉండేది. అమ్మకి అది ఇష్టం ఉండేది కాదు, సబ్బు పెట్టి ఎంత ఉతికినా పోయేది కాదు. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా చీరలకి గంజి పెడుతుంటే ఆగి వాసన చూడాలనిపిస్తుంది.

ఆయన చేతుల గురించి ఒక్కటి చెప్పాలి. మగ్గం మీద పోగు తెగితే ముడి వేయాలి, ఆ ముడి బట్టలో కనపడకూడదు, చేతికి తగలకూడదు, దువ్వెన పళ్లలా ఉండే పన్నె సందులోంచి జారిపోవాలి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పోగుల కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టుకునేవాడు, కుడిచేతితో ఒక కొసని బొటనవేలి గోరు చుట్టూ తిప్పి, రెండో కొసని ఆ మెలికలోకి వంచి, సుతారంగా లాగేవాడు. అంతే, అయిపోయేది. నేను ఎన్నిసార్లు కళ్లు పెద్దవి చేసుకుని చూసినా ఆ మధ్యలో ఏం జరిగిందో పట్టుకోలేకపోయేదాన్ని. "మెల్లగ చెయ్ బాపూ" అంటే "మెల్లగ చేస్తే నాకే రాదు బిడ్డా" అనేవాడు, అది నిజమే, మెల్లగా చేయబోతే ఆయన వేళ్లకే తికమక అయ్యేది. ఇప్పటికీ మా ఇంట్లో పూలదండ దారం తెగినా, గాలిపటం మాంజా తెగినా పిల్లలు తాత దగ్గరికే పరిగెడతారు.

మిల్లు సైరన్ గురించి వరంగల్ వాళ్లందరూ చెప్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. మా అవ్వకి గడియారం చూడటం రాదు. పొయ్యి వెలిగించడం, కోళ్లని వదలడం, మా జడలు వేయడం అన్నీ సైరన్ లెక్కనే. పాళీ మారే వేళ రోడ్డంతా సైకిళ్లు, క్యారియర్‌కి కట్టిన టిఫిన్ డబ్బాలు, జుట్టు మీద, కనుబొమ్మల మీద దూది నూగుతో మనుషులు. చిన్నప్పుడు నాకు మిల్లులో పనిచేసే వాళ్లందరూ ముసలివాళ్లే అనిపించేది, ఆ తెల్లటి నూగు వల్ల.

దసరాకి మాత్రం మమ్మల్ని లోపలికి తీసుకెళ్లేవాడు బాపు. ఆయుధపూజ. మిషన్లన్నీ కడిగి, తుడిచి, నూనె పెట్టి, ఒక్కో మగ్గానికీ పసుపూ కుంకుమా బొట్లు, బంతిపూల దండలు. కొబ్బరికాయలు కొట్టిన నీళ్లు నేల మీద పారుతుండేవి. బాపు తన మగ్గాలు చూపించి, వాటి మీద మా చేతులు పెట్టించి దండం పెట్టమనేవాడు. ఇనుము చల్లగా ఉండేది. పక్క మగ్గాల వాళ్లు "నీ బిడ్డనా" అని పేరుపేరునా అడిగి బూందీ పొట్లాలు చేతిలో పెట్టేవాళ్లు. మా సాయబుల కాకా ఒకాయన ఉండేవాడు, బాపు పక్క మగ్గం ఆయనది, కొబ్బరికాయ ఆయనే కొట్టేవాడు, ఆయన కొడితే సరిగ్గా రెండు చెక్కలవుతుందని అందరి నమ్మకం. ఎన్ని మగ్గాలుండేవో చిన్నప్పుడు లెక్కపెట్టాలని చూసేదాన్ని, వరస చివరికి పోయేలోపు మర్చిపోయేదాన్ని.

దూది దుమ్ము గురించి కూడా చెప్పకపోతే ఈ జ్ఞాపకాలు సగమే అవుతాయి. ఏ దేశంలోనైనా పత్తి మిల్లుల్లో, ముఖ్యంగా బేళ్లు విప్పే చోటా ఏకే చోటా ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకి ఊపిరితిత్తుల జబ్బు ఒకటి వస్తుంది, బిస్సినోసిస్ అంటారు. దాని గుర్తు ఏంటంటే, సెలవు తర్వాత మళ్లీ పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు ఉండి ఆయాసం ఎక్కువగా వస్తుంది, తర్వాతి రోజుల్లో కాస్త తగ్గుతుంది. అందుకే చాలామంది దాన్ని సెలవు రోజు తిన్న తిండి మీదికీ తాగిన కల్లు మీదికీ నెట్టేసేవాళ్లు. మిల్లుల గురించి తీపిగా మాట్లాడుకునేటప్పుడు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆ పని కష్టమైన పని. బాపు ఎప్పుడూ మిల్లుని స్వర్గం అనలేదు. మంచి పని అన్నాడు, అది వేరు.

1974లో కేంద్ర ప్రభుత్వం దేశంలో నష్టాల్లో ఉన్న 103 బట్టల మిల్లుల్ని జాతీయం చేసి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కింద పెట్టింది. మన మిల్లు కూడా ఎన్టీసీ మిల్లు అయింది. పేదవాళ్లకి తక్కువ ధరకి అమ్మే కంట్రోల్ గుడ్డ నేసే బాధ్యత ఈ మిల్లుల మీద ఎక్కువగా పడింది, దాని మీద లాభం ఏముంటుంది. మిషన్లు పాతబడ్డాయి. బయట పవర్‌లూములు పెరిగిపోయాయి, అదే బట్టని వాళ్లు తక్కువలో ఇచ్చేవాళ్లు. తొంభైల్లో ఎన్టీసీ కంపెనీలు ఒకటొకటిగా ఖాయిలా పరిశ్రమల బోర్డు, అదే బీఐఎఫ్ఆర్ ముందుకి వెళ్లాయి. మా అరుగు మీద ఆ మూడక్షరాలో నాలుగక్షరాలో సరిగ్గా పలకడం రానివాళ్లు కూడా రోజూ దాని గురించే మాట్లాడుకునేవాళ్లు. ఇంట్లో ఒకటే టెన్షన్.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇది. సరిగ్గా అదే రోజుల్లో వరంగల్ జిల్లా పొలాలన్నీ పత్తి అయిపోయాయి. 1997-98లో పురుగు పట్టి పంట పోయి, అప్పులు తీర్చలేక పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు, దేశమంతా వరంగల్ పేరు విన్నది అప్పుడే. ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే పత్తి బండ్లు కిలోమీటర్ల పొడవున నిలబడుతుంటే, అదే ఊళ్లో పత్తితో బట్ట నేసే మిల్లు చివరి రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఈ రెండింటినీ ఎవరూ ఎందుకు కలపలేకపోయారని బాపు అడిగేవాడు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలుస్తుందనుకునేవాడు.

2002లో మూతపడింది. అప్పుడు దేశం మొత్తంలో ఎన్టీసీ మిల్లులు 60కి పైగా మూసేశారు. లెక్క ఏంటంటే, నిలబడలేవనుకున్న మిల్లుల్ని మూసి, వాటి భూములూ మిషన్లూ అమ్మి, ఆ డబ్బుతో కార్మికులకి వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద విరమణ ఇచ్చి, మిగతా మిల్లుల్ని బాగుచేసుకోవాలి. కాగితం మీద అర్థమయ్యే లెక్కే. వరంగల్ కళ్లతో చూస్తే మాత్రం, ఈ ఊరి భూమి అమ్మిన డబ్బు ఇంకెక్కడో మిల్లు నడపడానికి పోయినట్టు. నాందేడ్, గుల్బర్గా మిల్లులు కూడా ఈ ఎన్టీసీ చేతుల్లోనే మూతపడ్డాయి. తండ్రి, కొడుకు, మనవడు అన్నాను కదా, మూడూ పోయాయి.

మూసిన తర్వాత జరిగిందే అసలు సంగతి అనిపిస్తుంది నాకు. మిల్లు ఒక్కరోజులో పోలేదు. మిషన్లు తుక్కు ఇనుము కింద లారీలెక్కాయి. కొన్నాళ్లు ఉత్త షెడ్లు, కిటికీ అద్దాలు పగిలి, లోపల తుమ్మచెట్లు మొలిచి. చుట్టుపక్కల పిల్లలకి క్రికెట్ గ్రౌండు, పొద్దున్నే నడిచేవాళ్లకి వాకింగ్ గ్రౌండు. తర్వాత కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అదే మనం కుడా అంటాం, మిల్లు భూమిలో చాలా భాగం ఎన్టీసీ దగ్గర కొని లేఅవుట్ వేసింది. ఓ సిటీ అని పేరు. వెడల్పు రోడ్లు, వీధి దీపాలు, ప్లాట్లు. షెడ్లు కూల్చేశారు. ఇప్పుడు అక్కడ గజం ధర వింటే కళ్లు తిరుగుతాయి. మిగిలిన ఖాళీ స్థలం ఆజంజాహీ మిల్లు గ్రౌండ్ అయింది, పార్టీల బహిరంగ సభలు అక్కడే పెడుతుంటారు. 2023లో వరంగల్ జిల్లా కొత్త కలెక్టరేట్‌కి కూడా అదే మైదానంలో శంకుస్థాపన చేశారు. ఈ మధ్యలోనే, చివరిదాకా పనిచేసిన కార్మికులు తమకి ఇంటి స్థలం ఇవ్వమని ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు, టెంట్ల కింద కూర్చున్న వాళ్లలో సగం మంది తెల్లజుట్టు వాళ్లే, ఈసారి అది దూది నూగు కాదు.

ఇళ్లు కట్టొద్దని, కలెక్టరేట్ రావొద్దని నేననను. ఊరు పెరుగుతుంది, భూమి కావాలి. మా చుట్టాలే ఓ సిటీలో ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి బాపు కూడా వచ్చి భోంచేశాడు. కానీ అంత స్థలంలో ఒక్క షెడ్డు, పది మగ్గాలు, దారం వడికే ఒక రింగ్ ఫ్రేమ్ అట్లాగే ఉంచడానికి ఎంత పోయేది? పత్తి బేలు విప్పడం నుంచి బట్ట చుట్టడం దాకా ఒక వరసలో పెట్టి, అప్పటికి బతికున్న కార్మికుల చేత నడిపించి చూపించి ఉంటే బడిపిల్లలు బస్సులు కట్టుకుని వచ్చేవాళ్లు. కోటలు, గుళ్లు అయితేనే చరిత్ర అనుకుంటాం మనం. కాకతీయుల తోరణం ముందు ఫోటో దిగని వరంగల్ మనిషి ఉండడు, మిల్లు గేటు ముందు ఫోటో ఉన్న ఇల్లు నాకు తెలిసి చాలా తక్కువ. 1886 నాటి సెంట్రల్ జైలు కూడా 2021లో ఇట్లాగే నేలమట్టమైంది, ఆసుపత్రి కోసం. ఆసుపత్రి కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఖైదీలు నేసిన జంపఖానాలకి పేరుపడ్డ జైలు అది. నేతతో ముడిపడ్డ రెండు పెద్ద కట్టడాలు ఇరవై ఏళ్ల లోపు పోయాయి ఈ ఊళ్లో, అది మాత్రం గుర్తుపెట్టుకోవాలి కదా.

మిల్లు పోయాక మనుషులు ఏమయ్యారని అడుగుతారు. వయసైపోయిన వాళ్లు ఇళ్లలో ఉన్నారు. కొందరు కిరాణా కొట్లు పెట్టారు, ఆటోలు తోలారు, వాచ్‌మెన్‌లుగా చేరారు. పనిచేయగలిగిన పిల్లలున్న నేతకుటుంబాలు చాలా సూరత్, భీవండి, షోలాపూర్ దారి పట్టాయి. మా పెద్ద తాత మనవలు ఇద్దరు సూరత్‌లోనే ఉన్నారు, వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, బయట గుజరాతీ. వాళ్లని వెనక్కి తెస్తామనే మాటతోనే 2017 అక్టోబర్‌లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన చేశారు. ఆ రోజు బాపు టీవీ ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు అక్కడ ఫ్యాక్టరీలు వచ్చాయి, కేరళ నుంచి వచ్చిన కైటెక్స్, కొరియా వాళ్ల యంగ్‌వన్. మా ఊరి ఆడపిల్లలు బస్సుల్లో పనికి పోయొస్తుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. ఒకసారి బాపుని అటువైపు తీసుకెళ్లాను. కాంపౌండు గోడ బయట నిలబడి చాలాసేపు చూసి, "సైరన్ లేదా వీళ్లకు" అని అడిగాడు. ఫోన్లో టైం చూసుకుంటారు బాపూ అన్నాను.

బాపు దగ్గర ఇప్పటికీ ఒక రేకు డబ్బా ఉంది. అందులో గేటు పాసు, కొన్ని జీతం చీటీలు, యూనియన్ చందా రసీదులు, కొమ్ము అరిగిపోయిన ఒక నాడె, అంటే మగ్గంలో అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్లేది. నేను వాటన్నింటికీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. మీ ఇళ్లలో కూడా ఇట్లాంటివి ఉండే ఉంటాయి, అటక మీదో, పాత ట్రంకుపెట్టెలోనో. మిల్లు ముద్ర ఉన్న బట్ట ముక్క కావచ్చు, దసరా రోజు దిగిన గ్రూప్ ఫోటో కావచ్చు. ఇల్లు సర్దేటప్పుడు దయచేసి పారేయకండి, ఫోటో తీసి వెనక ఎవరెవరున్నారో పేర్లు రాసిపెట్టండి, ఆ పేర్లు చెప్పగలిగిన వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. కొత్త కలెక్టరేట్‌లో ఎన్నో గదులుంటాయి. వాటిలో ఒక్కటి మిల్లుకి ఇవ్వమని అడుగుదాం. అడగడానికి నాతో ఎవరు వస్తారో చెప్పండి, బాపుని కూడా తీసుకొస్తాను.